బొమ్మ ముందా? పాట ముందా?
కోటప్పకొండ తిరునాళ్ళలో ఒక రాత్రి

“బొమ్మేదిరా!”

ఈ కేక మీరెప్పుడైనా విన్నారా? నేలక్లాసులోంచి లేస్తుంది. దాని వెనకాలే ఈలలు. తెరమీద వెలుతురు పోయి మాట మాత్రం వినపడుతుంటే మన గుంటూరు ప్రేక్షకుడు మూడు సెకన్లు ఓర్చుకుంటాడు. నాలుగోది ఓర్చుకోడు!

నా చిన్నతనంలో మా వూరి హాల్లో ఆపరేటరుగారు నాన్నకు స్నేహితుడు. ఆ చనువుతో క్యాబిన్లో స్టూలెక్కి కూచునేవాణ్ణి. ఆ కేక లేవకుండా వుండటానికి ఒక మనిషి ఎంత తంటాలు పడతాడో అక్కడే చూశాను. రెండు మిషన్లు. ఒకదానిమీద రీలు నడుస్తుండగానే రెండోదానిమీద తరువాతి రీలు ఎక్కించి సిద్ధంగా వుంచాలి. తెరకు కుడివైపు పైమూల ఒక చుక్క తళుక్కుమంటుంది. అది చూసి రెండో మిషను మోటారు వెయ్యాలి. ఏడు సెకన్లు గడిచాక ఇంకో చుక్క. అప్పుడు మార్చెయ్యాలి. హాల్లో వున్న ఎనిమిది వందలమందిలో ఒక్కడికీ ఆ చుక్కల సంగతి తెలియదు. రీళ్ళ రేకు డబ్బాలమీద నంబర్లు వుండేవి. కానీ ఆయన నంబర్లు చూడగా నేనెప్పుడూ చూడలేదు. “నంబరు చూసి తీసేవాడు ఆపరేటరు కాదురా. చెయ్యి పెడితే దొరకాలి” అనేవారు.

రీళ్ళు పోయాయి. ఇప్పుడు హాలుకి సినిమా హార్డ్ డిస్కులో వస్తుంది, లేకపోతే ఆకాశంలోంచి దిగుతుంది. ఇక ఆ కేక కూడా పోయిందనుకున్నాను. పోలేదట! తిరునాళ్ళలోకి మారిందట!

సంగతేమిటంటే, ఈ మధ్య మన ప్రభల దగ్గర పాటకచ్చేరీ జరిగే స్టేజీ వెనక పెద్ద పెద్ద ఎల్ఈడీ తెరలు పెడుతున్నారు. పాటగాడు పాట అందుకోగానే దానికి తగిన బొమ్మ తెరమీద ఆడాలి. పాట మారితే బొమ్మ మారాలి. ఆ బొమ్మలు వేసేవాణ్ణి పట్నాల్లో ‘వీజే’ అంటారు. 1981లో అమెరికాలో ఎమ్‌టీవీ పెట్టాక టీవీలో పాటల మధ్య కబుర్లు చెప్పేవాళ్ళను కూడా వీజేలనే అన్నారుగాని, మనం చెప్పుకునే వీజే తెరముందుకు రాడు. తెరవెనక కూచుని, జరుగుతున్న పాటకి జరుగుతున్నప్పుడే బొమ్మలు అందించేవాడు. తిరునాళ్ళలో ఈ పేర్లేవీ లేవు. “బొమ్మలేసే కుర్రాడు”. అంతే.

ఒక రాత్రంతా అతని పక్కన కూచోవాలని బుద్ధి పుట్టింది. శివరాత్రికి ముందురోజు గుంటూరులో బస్సెక్కాను.

మాఘమాసం చివర గుంటూరునుంచి నరసరావుపేట రోడ్డున ప్రయాణం చేసినవారికి నేను చెప్పనక్కర్లేదు. చేయనివారికి చెప్పినా ముక్కుకి తెలియదు! పేరేచర్ల దాటేసరికే గాలిలో ఘాటు. రోడ్డుకి రెండుపక్కలా కల్లాల్లో మిరపకాయలు ఎర్రటి పట్టాలు పరిచినట్టు ఆరబోసి వున్నాయి. ఆడవాళ్ళు వంగి తాలుకాయలు ఏరుతున్నారు. పత్తి చివరి తీత అయిపోయిన చేలల్లో కట్టె నిలబడి వుంది. అక్కడక్కడా పగిలి మిగిలిపోయిన దూది. నల్లరేగడి నెర్రెలిచ్చింది. బస్సులో నా పక్కన కూచున్న రైతు ఫిరంగిపురం వచ్చేదాకా యార్డు ధర గురించి మాట్లాడాడు. ఆ తరువాత కొండ కనపడుతుందేమోనని కిటికీలోంచి చూడటం మొదలుపెట్టాడు. “ఈ ఏడు మా ప్రభ లేస్తదో లేదో అనుకున్నామండీ. లేసింది” అన్నాడు. మిర్చి ధర ఏమన్నా కానీ, ప్రభ మాత్రం లేవాలి!

నరసరావుపేటలో దిగడానికి నాకు మరో కారణం వుంది. తోలుబొమ్మలాట కుటుంబాలు వున్న చోట్లు చెప్పేటప్పుడు రాయలసీమలో నిమ్మలకుంట, గోదావరి వైపు మాధవపట్నం చెప్పినట్టే ఇటువైపు నరసరావుపేట చెప్తారు. పూర్వం మరాఠీ దేశంనుంచి వచ్చిన ఆరెవాళ్ళు. బొమ్మలేసే కుర్రాడి దగ్గరికి వెళ్ళేముందు, అతని తాతముత్తాతల్లాంటివాణ్ణి ఒకణ్ణి చూద్దామనిపించింది.

ఆ తాతకి డెబ్బై దాటాయి. ఆట ఆడి చాలా కాలమైంది. బొమ్మల పెట్టె మాత్రం మంచం కిందే వుంది. నా ముందు తెరిచాడు. ముందుగా కనపడింది వినాయకుడు.

“ఈయన పైన వుండాల్సిందేనా తాతా?”

“మొదట వచ్చేది ఆయనే గదయ్యా. ఆఖర్న వచ్చేవాళ్ళని పైన పెడితే రాత్రంతా ఎతుక్కుంటా కూకోవాలి.”

పెట్టెలో బొమ్మలు పేర్ల వరసన లేవు. కథ వరసన వున్నాయి. ఈ రాత్రి లంకాదహనమైతే ఒక వరస, రేపు లక్ష్మణ మూర్ఛ అయితే ఇంకో వరస. ఆటకి ముందు మధ్యాహ్నమంతా ఆ సర్దుడే పని. ఒక్కొక్క పాత్రకి ఒకే బొమ్మ కాదు. ఆంజనేయుడే నాలుగు రకాలు: సీతమ్మ ముందు చెట్టుమీద కూచున్నవాడు చిన్నవాడు, సముద్రం దాటేవాడు పెద్దవాడు. ఒకరికి బదులు ఇంకొకరు వచ్చారో, ఊరంతా నవ్వుతుంది. పూర్వం లేడితోలు కూడా వాడేవారట. 1972లో వన్యప్రాణి రక్షణ చట్టం వచ్చాక మేకతోలే గతి. వెనకాల దీపం ఆముదంనుంచి పెట్రోమాక్సుకీ, దానినుంచి కరెంటు బల్బుకీ మారింది. పెట్టె సర్దే పద్ధతి మాత్రం మారలేదు.

“మరి కథ మధ్యలో ఊళ్ళోవాళ్ళు ఇంకేదన్నా అడిగితే?” అన్నాను.

తాత నవ్వాడు. “అడక్కుండా వుంటారా! మునసబుగారొచ్చి కూకున్నాడంటే ఆయనకి కావాల్సిన ఘట్టం రావాల. నేను తెరకాడ పాడతా వుంటే మా ఆడమనిషి పెట్టెకాడ. మా ఇంటి భాషలో రెండు మాటలంటా, పాటలో కలిపి. జనానికి తెలవదు. పద్యం అయ్యేలోపల బొమ్మ చేతికొచ్చేది.”

“రాకపోతే?”

“కేతిగాడు వున్నాడు గదా!”

పెట్టె మూతకి లోపలివైపు పక్కగా విడిగా పెట్టిన మూడు బొమ్మలు చూపించాడు. కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క. తోలుబొమ్మలాట చూసినవారికి వీళ్ళు చుట్టాలే. కథతో పని లేదు. ఎప్పుడైనా వస్తారు, నోటికొచ్చింది వాగుతారు, పోతారు. వీళ్ళు జనాన్ని నవ్వించడానికే వున్నారని ఇన్నాళ్ళూ నేననుకుంటూ వచ్చాను. అది సగమే నిజమట. బొమ్మ దొరకలేదు, దారం తెగింది, దీపం సన్నగిల్లింది... ఏ ఆపదొచ్చినా చేతికి దొరికేవాడు కేతిగాడు. అందుకే అతను పెట్టె లోపల వరసలో వుండడు, మూతకి వుంటాడు. వెనకాల సర్దుకునేదాకా ముందు అతను తిట్లు తింటుంటాడు!

జావా దీవిలో తోలుబొమ్మలాడించే ‘దలాంగ్’ ఒక్కడే రాత్రంతా అన్ని బొమ్మలూ ఆడిస్తాడు. తెరకి అటూ ఇటూ అరటిబోదెలు పడుకోబెట్టి వాటికి బొమ్మలు వరసగా గుచ్చి వుంచుకుంటాడు. 1968లో న్యూయార్కులో ఫిల్మోర్ ఈస్ట్ అనే హాల్లో రాక్ సంగీతానికి వెనక తెరమీద రంగులాడించిన జాషువా లైట్ షో వాళ్ళూ ఇంతే: గాజుపళ్ళాల్లో రంగునీళ్ళు, నూనె, స్లైడ్లు, ఫిలిం ముక్కలు చుట్టూ పేర్చుకుని పాట ఎటుపోతే అటు చెయ్యి వేసేవారు. ఎక్కడైనా కష్టం ఒక్కటే. బొమ్మలు చాలా వుంటాయి. చేతులు రెండే!

మర్నాడు శివరాత్రి. చిలకలూరిపేట వైపు ఒక వూళ్ళో తెల్లవారేసరికే ప్రభ నిలబెట్టి వుంది. ఎనభై అడుగులు పైనే. సరుగుడు వాసాలు, వెదుళ్ళు, రంగు కాగితాలు, బల్బులు. నాలుగువైపులా మోకులు. ఆ మోకులు పట్టినవాళ్ళే దానికి ప్రాణం. గుంట వచ్చినచోట, కరెంటు తీగ వచ్చినచోట ఒకవైపు వదిలి ఒకవైపు లాగాలి. పూర్వం ఎడ్లు లాగేవి, ఇప్పుడు ట్రాక్టరు.

చిన్నప్పుడు ఈ ప్రభల దగ్గర నన్ను ఆకట్టుకున్నది దేవుడు కాదు, రోలరు! మోటారుకి బిగించిన చెక్క రోలరు, దానిమీద రాగి రేకులు, రేకుల్ని తాకుతూ వైర్లు. రోలరు తిరుగుతుంటే ప్రభమీద బల్బులు వరసగా వెలిగి ఆరి పాము పాకినట్టు, చక్రం తిరిగినట్టు కనపడేది. ఎలక్ట్రీషియను రేకులు ఏ కొలతన కత్తిరించి అంటించాడో అదే బొమ్మ. ఇంకో బొమ్మ కావాలంటే ఇంకో రోలరు. పాట ఏదైనా రాత్రంతా పాము పాకాల్సిందే. ఎవరూ నొచ్చుకునేవారు కాదు.

ఇప్పుడలా కాదు. ఈ స్టేజీ వెనక తెర వెడల్పు ఇంచుమించు 20 అడుగులు, ఎత్తు 11 పైన. అర మీటరు చదరపు పలకలు అడ్డంగా 12, నిలువుగా 7, మొత్తం 84. అలాంటి తెరమీద పాము పాకిస్తే జనం ఊరుకుంటారా?

బొమ్మలేసే కుర్రాడికి ఇరవై ఏడేళ్ళు. డిప్లొమా మధ్యలో మానేశాడు. (పేరు రాస్తే పక్క ప్రభవాళ్ళు ఎత్తుకుపోతారని అతని భయం, నేను రాయను.) అతని సామగ్రి ఒక ల్యాప్‌టాపు, దానిలో హాలెండువాళ్ళు చేసిన రిజల్యూమ్ అనే సాఫ్ట్‌వేర్, దానికి తగిలించిన బటన్ల పెట్టె. ఆ పెట్టెమీద బటన్లు అడ్డానికి 8, నిలువుకి 5. నలభై. ఒక్కో బటనుకి ఒక్కో బొమ్మ.

“నీ దగ్గర మొత్తం ఎన్ని బొమ్మలున్నాయి?”

“ఇంటికాడ డిస్కులో పన్నెండు వేలు వుంటాయి సార్. ఇక్కడికి మూడొందలు తెచ్చా.”

“మిగతావి?”

“వాటిని తెస్తే వీటిని ఎతకలేను గదా!”

తాత మాటే! నలభై బటన్లు ఒక పేజీ. ఇలాంటి పేజీలు కొన్ని. కావలసిన పేజీని కావలసినప్పుడు తెరుచుకుంటాడు. పైవరస దేవుడిది. రెండోది సినిమా వరస. మూడోది మంటలు, నీళ్ళు, పూలు, మబ్బులు; ఏ పాటకైనా పనికొచ్చేవి. ఇవన్నీ పది ఇరవై సెకన్ల ముక్కలే. చివర మొదటితో అతుక్కుని అంతు లేకుండా తిరుగుతుంటాయి. నాలుగోది అక్షరాలు, ఊరిపేరు, చందాదారుల పేర్లు. ఎడమనుంచి కుడికి పోయేకొద్దీ జోరు పెరుగుతుంది: ఎడమచివర నెమ్మది పాటకి, కుడిచివర తీన్మారుకి. అంచేత పాట పేరు తెలియక్కర్లేదు. డోలు రెండు దెబ్బలు వింటే చెయ్యి ఎటు పోవాలో చేతికే తెలుస్తుంది.

“పాటల లిస్టు ముందే ఇస్తారు గదా, దాని వరసన పెట్టుకోవచ్చుగా?” అన్నాను, ఏదో తెలిసినవాడిలా.

“ఇస్తారు సార్. ఆ లిస్టు ప్రకారం ఒక్క రాత్రి కూడా పాడరు.”

శివరాత్రి కోసం సినిమా వరసలో అతను పెట్టినవి చూసి నాకు ముచ్చటేసింది. ‘భూకైలాస్’ 1958. ‘దక్షయజ్ఞం’ 1962. బాపుగారి ‘భక్త కన్నప్ప’ 1976. ‘శ్రీ మంజునాథ’ 2001. నలుపు తెలుపులో ఎన్టీఆర్ రావణుడు ఒక బటను, ఎన్టీఆర్ శివుడు ఇంకో బటను! ఇరవై ఏడేళ్ళవాడికి ఇవెలా తెలుసంటే, ముసలివాళ్ళు అడుగుతారట. అడిగినవన్నీ ఏళ్ళ తరబడి రాసిపెట్టుకున్నాడు. అదే అతని కేటలాగు. (సినిమా ముక్కలు ఇలా వాడుకోవచ్చా, హక్కులెవరివి అన్నది వేరే వ్యాసం. అతనికీ ఆ బెదురు వుంది. వీలైనంతవరకు సొంతంగా చేసుకున్న పూలు, మంటలతోనే నెట్టుకొస్తానన్నాడు.)

ఇప్పటి హీరోల సంగతి అడిగాను. గొంతు తగ్గించాడు. ఇద్దరు హీరోలున్నారు. ఎవరో మీకు తెలుసు, నేను రాయను. వాళ్ళ బొమ్మలు మాత్రం అతను పక్కపక్క బటన్లమీద ఎప్పుడూ పెట్టడు. మధ్యలో కనీసం మూడు బటన్ల దూరం. ఒక్క వేలు జారిందంటే ఒకరి పాటకి ఇంకొకరి మొహం పడుతుంది. ఆ తరువాత పడేవి బొమ్మలు కావు, రాళ్ళు!

ఫోన్లలోంచి ఊరివాళ్ళు తెచ్చే వీడియోలు అతనికి శత్రువులు. ఎందుకో చెప్పాడు. ఫోను వీడియోలో ప్రతి బొమ్మా పూర్తిగా వుండదట. ముందు బొమ్మకీ దీనికీ తేడా ఎంతో అంతే దాచుకుంటుంది. చోటు కలిసొస్తుంది, నిజమే. కానీ మధ్యలోంచి ఒక బొమ్మ కావాలంటే వెనక్కి వెళ్ళి, పూర్తిగా వున్నదాన్ని పట్టుకుని, అక్కణ్ణుంచి లెక్క కట్టుకుంటూ రావాలి. ఆ కాస్తలో పాట దాటిపోతుంది. అందుకని అన్నిటినీ ముందురోజే డీఎక్స్‌వీ అనే రకంలోకి మారుస్తాడు. అందులో ఏ బొమ్మకాబొమ్మే పూర్తిగా వుంటుంది. సైజు మాత్రం బాగా పెరుగుతుంది. “దండ కాదు సార్, విడిపూలు” అన్నాడు. ఈ ఉపమానం నాకు రాలేదే అని అసూయపడ్డాను.

పైవరసలో ఎడమచివరి బటను ఎర్రగా వెలుగుతూ వుంది. దానిమీద చిన్న కాగితం ముక్క అంటించి వుంది.

“ఇదేమిటి?”

“కోటయ్య బటను సార్. కొండమీద స్వామి. ఏ పేజీ తెరిచినా ఇది ఇక్కడే. ఏ పాటకన్నా వెయ్యొచ్చు, ఎవుడూ తిట్టడు.”

నాకు నరసరావుపేటలో పెట్టె మూతకి కట్టిన కేతిగాడు కళ్ళముందు మెదిలాడు.

మధ్యాహ్నం ప్రభ కదిలేముందు పాతికేళ్ళ అబ్బాయి ఒకడు వచ్చాడు. చేతిలో ఫోను. అతని నాన్న ముప్ఫై ఏళ్ళపాటు ఈ ప్రభకి ముందు మోకు పట్టినవాడు. దీపావళి వెళ్ళిన వారానికి పోయాడు. ఈసారి మోకు కొడుకు పడుతున్నాడు. కొండకింద ప్రభ నిలబడ్డాక కోటయ్య పాట ఒకటి పాడిస్తున్నారు. ఆ పాటకి నాన్న ఫోటో తెరమీద పడాలి. అంతే కోరిక. కుర్రాడు ఫోటో తీసుకుని రెండో పేజీలో ఒక బటనుకి పెట్టాడు. “పాట మొదలవగానే వేస్తా అన్నా” అన్నాడు. “అన్నా, మా అమ్మ కూడా వస్తది” అని చెప్పి వెళ్ళాడా అబ్బాయి.

ఇప్పుడు నా ఘనకార్యం చెప్పాలి. చెప్పక తప్పదు.

కుర్రాడు ల్యాప్‌టాపులో సాఫ్ట్‌వేర్ మూసి, వెలగని పలకేదో చూడటానికి స్టేజీ వెనక్కి వెళ్ళాడు. వెళ్తూ, ఊరివాళ్ళిచ్చిన ఫోటోలు ఇంకా కొన్ని వున్నాయి, వాటికి పేర్లు రాసిపెట్టమని నాకు పని చెప్పాడు. ఆ ఫోటోలన్నీ చిందరవందరగా వున్నాయి. నేను బీకాం చదివినవాణ్ణి. లెడ్జరు, జర్నలు, ఎక్కడి పద్దు అక్కడ వుండాలి! ‘ఫోటోలు’ అని ఒక ఫోల్డరు చేశాను. అన్నిటినీ అందులోకి చేర్చాను. చక్కగా సర్దానని నా భుజం నేనే తట్టుకున్నాను.

ప్రభ కదిలింది. ఆ ప్రయాణం గురించి రాస్తే ఈ పత్రిక చాలదు. ఒక్కటి చెప్తాను: కరెంటు తీగలకింద వెనక్కి ఒరిగి, దాటాక మళ్ళీ లేచినప్పుడల్లా జనం అరిచే “చేదుకో కోటయ్యా” అనే కేక. చేదలోంచి నీళ్ళు తోడినట్టు నన్ను పైకి తోడుకోవయ్యా అని! పొద్దువాలేసరికి కొండ కింద పొలాల్లో ఎన్నో ప్రభలు నిలబడ్డాయి. మూడు శిఖరాలు చీకట్లో కలిసిపోయి, వాటికింద ఈ వెలుగు గోపురాలు మాత్రం కనపడుతున్నాయి. ప్రతి ప్రభకీ ఒక స్టేజీ, ఒక పాటగాడు, ఒక జనరేటరు. అన్నీ ఒక్కసారే మోగుతున్నాయి.

పదిన్నరకి కుర్రాడు నిజంగా పనిలో పడ్డాడు. నేను అతని చేతులే చూస్తూ కూచున్నాను. తెర వంక చూడడు, బటన్ల వంక చూడడు, పాటగాడి నోరు చూస్తాడు. పాటగాడు మైకు మార్చుకున్నాడంటే పాట మారుతుంది. వెంటనే ఎడమచెయ్యి నీళ్ళమీద, కుడిచెయ్యి సినిమా వరసమీద. ఎవరో పెద్దమనిషి స్టేజీ ఎక్కాడు, పైవరస. కుర్రాళ్ళు కండువాలు తిప్పారు, కుడిచివర. ఒకసారి ‘భక్త కన్నప్ప’ పాట అడిగారు, రెండో చరణంనుంచి పాడటం మొదలుపెట్టాడు మహానుభావుడు. అయినా బొమ్మ అందింది.

లిస్టు ప్రకారం కోటయ్య పాట పన్నెండున్నరకి. పన్నెండుకి పది నిమిషాలుండగా, పెద్దలెవరో వెళ్ళిపోతున్నారని, పాటగాడు అదే అందుకున్నాడు.

కుర్రాడు రెండో పేజీ తెరిచి బటను నొక్కాడు. తెర నల్లబడింది.

ఎనభైనాలుగు పలకల నలుపు! మోకు దగ్గర నిలబడ్డ అబ్బాయి తల పైకెత్తి వుండటం నాకు కనపడుతోంది. ఒకటి. రెండు. “బొమ్మేదిరా!” మూడో సెకనుకి కోటయ్య బటను వెలిగింది. స్వామి వచ్చాడు. జనం చేతులు జోడించారు.

“ఫైలు లేదంటంది సార్” అన్నాడు కుర్రాడు, గొంతు ఎత్తకుండా.

సాఫ్ట్‌వేర్ బొమ్మని తనలో దాచుకోదట. ఫలానా చోట వుందని చిరునామా మాత్రం రాసుకుంటుంది. నేను ఇల్లు మార్చేశాను! సాయంత్రం మళ్ళీ తెరిచినప్పుడు అతను మొదటి పేజీ సరిచూసుకున్నాడు, రెండోది చూడలేదు. “నేనే... ‘ఫోటోలు’ ఫోల్డరులో...” అన్నాను. నా వంక చూడలేదు. ఫోల్డరు తెరిచాడు. అందులో వందకు పైగా ఫోటోలు, సగానికి నేను పేర్లు పెట్టాను, సగానికి పెట్టలేదు. ఆ ఫోటో పెట్టని సగంలో వుంది. పల్లవి అయిపోయింది. మొదటి చరణం అయిపోయింది. రెండో చరణం సగంలో ఫోటో తెరమీదికొచ్చింది. నెరిసిన మీసాలు, మెడలో తువ్వాలు, వెనకాల మిరపచేను.

కింద మోకులు పట్టినవాళ్ళందరూ ఒక్కసారి అరిచారు. ఆ అబ్బాయి అరవలేదు. మోకు వదలలేదు.

పాట ముగిశాక నేను ఏదో అనబోయాను. “ఇప్పుడొద్దు సార్” అన్నాడు కుర్రాడు. తీన్మారు మొదలైంది. అతని చెయ్యి కుడిచివరకి పోయింది.

తెల్లవారుజామున నాలుగింటికి పొలం ఖాళీ అయింది. పాటవాళ్ళు వెళ్ళిపోయారు. ప్రభలకింద గోతాలు పరుచుకుని జనం పడుకున్నారు. జనరేటరు ఆపేముందు కుర్రాడు వైర్లు చుడుతుంటే ఒకావిడ వచ్చి నిలబడింది. అరవై వుంటాయి. మోకు అబ్బాయి తల్లి. పాట మొదలైనప్పుడు తెర ముందే నిలబడిందట. నల్లగా అయ్యేసరికి ఇంక వెయ్యరేమోననుకుంది. జనం తోసుకొస్తే ట్రాక్టరు వెనక్కి వెళ్ళిపోయింది. ఫోటో పడినప్పుడు ఆమెకి ప్రభ వెదుళ్ళే కనపడ్డాయి. అరుపు మాత్రం వినిపించింది.

“ఇంకోసారి ఏత్తావా అయ్యా?”

కుర్రాడు చుట్టిన వైరు మళ్ళీ విప్పాడు. పాట లేదు. నిద్రపోతున్న పొలం మీద ఆ మనిషి మొహం ఒక్కటే వెలిగింది. పక్క ప్రభ కింద ఎవరో కళ్ళమీద తువ్వాలు కప్పుకున్నారు. ఆమె చాలాసేపు చూసింది. డీజిలు చూపించే ముల్లు కిందికి వస్తోంది. కుర్రాడు ఆపలేదు.

“ఈ చొక్కా కాదయ్యా” అంది చివరికి. “అమ్మాయి పెళ్ళికి కుట్టించిన తెల్లచొక్కా వుంది, దాంతో తీసిన ఫోటో ఇంట్లో వుంది. అదెందుకు పెట్టలా మావోడు?”

“పంపిచ్చమ్మా, వచ్చే ఏడు అదే ఏత్తా” అన్నాడు కుర్రాడు. ల్యాప్‌టాపు ముందు కూచుని, ఆయన పేరడిగి, ఆ ఫైలుకి ఆ పేరు రాసి పైవరసలోకి తెచ్చాడు. ఆ పక్కనే ఇంకో ఖాళీ బటను వుంచాడు, తెల్లచొక్కాకి.

నేను లేచి వైర్లు చుట్టడానికి సాయం పట్టబోయాను.

“మీరుండండి సార్” అన్నాడు.